కోటకు దారి వేశారు, చూపించే మనిషిని పెట్టండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రిగారికి,



నేను నరసరావుపేట వైపు నల్లరేగడి రైతుని. పత్తి, మిరప తప్ప వేరే వ్యాపకం లేని ఊళ్ళు మావి. అయినా పంట పనుల్లో కాస్త సందు దొరికితే చాలు, చుట్టుపక్కల కోటలూ బౌద్ధ దిబ్బలూ పాడుగుళ్ళూ చూసి రావడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఇప్పుడు ఎన్ని ముక్కలయినా నా తిరుగుడికి అవి ఇంకా ఒకటే. ఆ తిరుగుడు మీద ఒక్కటే మనవి చేసుకోవాలని ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కొండవీటితో మొదలుపెడతాను. చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్ళే జాతీయ రహదారి మీద యడ్లపాడు దాటుతుంటే ఎడమ చేతి వైపు కనపడే కొండలవి. కింద వంకాయలపాడులో సుగంధ ద్రవ్యాల పార్కు, చుట్టూ మిరప చేలు. మార్చిలో కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉంటాయి, ఆ ఘాటుకి దారినపోయే వాడికి కూడా దగ్గు వస్తుంది. ఘాట్ రోడ్డు వచ్చాక కొండ మీదికి జనం బాగా పెరిగారు. అది మంచి పనే, కాదనను. అంతకుముందు ముసలివాళ్ళకి, చంటిపిల్లల తల్లులకి ఆ కొండ ఎక్కే యోగం లేదు.

రోడ్డు ఎక్కి పైకి వచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారో కూడా చూశాను. చెరువు దగ్గర ఫొటో, బురుజు మీద ఫొటో, తెచ్చుకున్న పులిహోర తినడం, దిగిపోవడం. వాళ్ళని తప్పు పట్టను. పులిహోర తిననివాడు కోట చూడ్డానికి పనికిరాడని నా అభిప్రాయం. కాని అక్కడ ఒక కుర్రాడు వాళ్ళ నాన్నని అడగడం విన్నాను: "ఇంత ఎత్తున చెరువెందుకు నాన్నా?" ఆ నాన్న చుట్టూ చూశాడు. చెప్పేవాళ్ళెవరూ లేరు. "రాజుల కాలంలో స్నానాలకిలేరా" అన్నాడు.

ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. కొండ మీద పడ్డ వాన చుక్కని కిందికి పోనీకుండా పట్టుకున్న చెరువులివి. కోటకి ప్రాణం గోడల్లో కంటే నీళ్ళలోనే ఎక్కువ ఉంటుంది. ముట్టడి వేసినవాడు కింద నెలల తరబడి కూర్చుంటే పైనున్నవాళ్ళని నిలబెట్టేది ధాన్యం కొట్లూ ఈ చెరువులే. గట్టు రాళ్ళని దగ్గరగా చూస్తే కొన్నిటి అంచున వేలెడు లోతు గుంటలు వరసగా కనపడతాయి. బండ చీల్చడానికి రాళ్ళు కొట్టేవాళ్ళు వేసిన చీల గుంటలవి. కొన్ని రాళ్ళ మీద గుంటలున్నాయి గాని రాయి చీలలేదు, పని మధ్యలో వదిలేశారు. ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టిస్తే చాలు, ఆరువందల ఏళ్ళ నాటి కూలివాడి పని వాడికి తెలిసిపోతుంది.

ఆ కొండ కథ చిన్నదా? ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం పెడితే, కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. ఆ అనవోతారెడ్డే 1358లో మోటుపల్లి రేవులో దిగే వర్తకులకి పన్నుల్లో రాయితీలిస్తూ శాసనం వేయించాడు. కుమారగిరిరెడ్డి ఏటా వసంతోత్సవాలు చేస్తే కర్పూరం, కస్తూరి లాంటి సుగంధాలు సముద్రాల అవతల నుంచి తెప్పించి ఇచ్చినవాడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆ సెట్టిగారికే. పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారి. తరవాత గజపతులు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు. ఆ పైన గోల్కొండ నవాబులు, కొండవీటి సీమ పేరే ముర్తజానగరం అయిపోయింది. ఫ్రెంచివాళ్ళ చేతికి కొన్నాళ్ళు వెళ్ళి, చివరికి 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషువాళ్ళకి దఖలు పడింది. ఈ వరసంతా ఒక్క కొండ మీద నిలబడి చెప్పవచ్చు. దక్షిణానికి తిరిగి సముద్రం దిక్కు చూపించి, కర్పూరం దిగిన మోటుపల్లి అటు ఉందని వేలు పెట్టి చూపించవచ్చు. ఆ వేలే లేదండి మన దగ్గర.

మోటుపల్లి అంటే గుర్తొచ్చింది. చినగంజాం దగ్గర రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు దాటుకుని వెళితే వీరభద్రస్వామి గుడి ఉంటుంది. ఓడ మునిగి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే రాజులు స్వాధీనం చేసుకునే పాత పద్ధతిని మాన్పించి, వర్తకుడి సొమ్ము వర్తకుడికే అని కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించింది ఈ రేవు కోసమే. మార్కోపోలో ముత్ఫిలి అని రాసుకున్నదీ ఈ చోటునే. కాకినాడ ఓడరేవు గురించి, కృష్ణపట్నం గురించి రోజూ పేపర్లో చదివే మన పిల్లల్లో ఎంతమందికి ఈ శాసనపు రాయి సంగతి తెలుసు?

ఇక్కడ నా వాదం అసలు ముక్కకి వస్తాను. మా సీమలో రాళ్ళు ఎందుకు పోయాయి, ఎక్కడ నిలిచాయి అన్నది తిరిగి తిరిగి గమనించాను. ఊరికి తన రాయి ఏమిటో తెలిసిన చోట నిలిచాయి. తెలియని చోట పోయాయి. వానకీ ఎండకీ పోయినవి తక్కువే.

అమరావతి సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం. చింతపల్లి నుంచి మకాం మార్చి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు కృష్ణ ఒడ్డున కొత్త పట్నం కట్టిస్తుంటే దీపాలదిన్నెలో ఇటుకలూ పలకలూ బయటపడ్డాయి. కూలీలు తవ్వుకుపోయారు. 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసి వెళ్ళాడు. చిత్రకారులని వెంటపెట్టుకుని 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడిమధ్యన చెరువు తవ్వి ఉంది. నాయుడుగారిని ఇప్పుడు తిట్టుకుని లాభం లేదు. ఆయన అమరేశ్వరుడి గుడికి ఎంతో చేసిన మనిషి. ఆయన కంటికి అది దేవుడి చోటు కాదు, ఇటుకల దిబ్బ. అది స్తూపమని చెప్పేవాడు ఆ ఊళ్ళో ఒక్కడు కూడా మిగల్లేదు. ఆ తరవాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలని మద్రాసు పంపాడు. 1859లో అవి లండన్ చేరాయి. అక్కడ బండ్ల కొట్టంలో పడి ఉంటే 1867లో జేమ్స్ ఫెర్గూసన్ వెతికి పట్టుకున్నాడు. ఇప్పుడు నూరుకు పైగా పలకలు బ్రిటిష్ మ్యూజియంలో, మిగిలినవి చాలావరకు చెన్నై ఎగ్మోర్‌లో. అమరావతిలో నిలబడి చూస్తే గుండ్రటి పునాది, మ్యూజియంలో కొన్ని రాళ్ళు. ఆ మ్యూజియం చిన్నదైనా వదలకుండా చూడమని అందరికీ చెబుతాను. అక్కడి స్తూప నమూనా చూశాకే బయట ఆ గుండ్రటి చోటుకి అర్థం వస్తుంది.

భట్టిప్రోలుది ఇంకా అన్యాయం. అక్కడ దిబ్బని కృష్ణా కాలువల పనులకీ రోడ్లకీ ఇటుక గనిలా వాడుకున్నారు. అలా వాడేసుకోగా మిగిలినదాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే మధ్యలో రాతి పెట్టెలు, వాటిలో స్ఫటిక భరిణెలు, బంగారు పూలు దొరికాయి. ఆ పెట్టెల మీది అక్షరాలు దక్షిణాదిన దొరికిన అతి పాత రాతల్లో లెక్క. మన అక్షరాల పుట్టుపూర్వోత్తరాలు వెతికేవాళ్ళు ఎవరైనా భట్టిప్రోలు మెట్టు తొక్కకుండా ముందుకు పోలేరు. అక్కడి ధాతువు 1920 నుంచీ కలకత్తా ధర్మరాజిక విహారంలో పూజలందుకుంటోంది. భట్టిప్రోలులో మిగిలింది కంచె వేసిన ఇటుక మట్టు. చుట్టూ కొబ్బరి చెట్లు, వరి చేలు. చూడదగ్గ చోటే. కాకపోతే తెలిసి వెళ్ళాలి.

ఇవన్నీ దొరల కాలం నాటివి, ఇప్పుడలా జరగదు అంటారేమో. దొనకొండ దగ్గర చందవరం చూడండి. గుండ్లకమ్మ ఒడ్డున కొండ మీద మహాస్తూపం. 1964లో వేలూరి వేంకటకృష్ణశాస్త్రిగారు గుర్తించారు, 1970ల్లో పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. దొనకొండలో రైలు దిగి ఆటోలో పోవచ్చు. చుట్టూ ఎక్కడా గోల ఉండదు, చిన్న చిన్న స్తూపాల పునాదుల మధ్య గంటల తరబడి తిరగవచ్చు. నన్నడిగితే ఈ రెండు జిల్లాల్లో అన్నిటికంటే బాగుండే చోటు ఇదే. ఆ చందవరం శిల్పమొకటి దొంగల చేతులు మారి, న్యూయార్క్ వ్యాపారి ద్వారా 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి అమ్ముడుపోయింది. బుద్ధుణ్ణి పూజిస్తున్న భక్తుల శిల్పమది. మన దేశంలో ఉండగా తీసిన పాత ఫొటో బయటపడి, 2016లో కాన్‌బెర్రా వాళ్ళు భారతదేశానికి తిరిగి అప్పగించారు. ఒక్క ఫొటో లేకపోతే ఆ శిల్పం మనదని రుజువు చేసే దారేది? ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

నిలిచిన చోట్లు కూడా చెప్పాలి కదా. నకరికల్లు దగ్గర చేజెర్ల కపోతేశ్వరస్వామి గుడికి వెళ్ళారా? వెనక వైపు నుంచి చూస్తే ఏనుగు వీపులా గుండ్రంగా ఇటుక కట్టడం. ఒకప్పటి బౌద్ధ చైత్యమే శివాలయమైందని పండితుల మాట. కట్టి ఎన్నో వందల ఏళ్ళయినా కప్పుతో సహా నిలిచి ఉంది. లోపల వంగి చూడాల్సినంత చీకటి. పావురం కోసం ఒళ్ళు కోసిచ్చిన శిబి చక్రవర్తే లింగమయ్యాడని ఊరివాళ్ళు చెబుతారు. లింగం మీది గుంటలు చూపించి ఇది ఇక్కడి మాంసం, అది అక్కడి మాంసం అని వివరిస్తారు. అది జాతక కథా, భారత కథా అన్న చర్చ నాకొద్దు. అమరావతి ఇటుకలు చెదిరిపోయిన ఈ సీమలోనే చేజెర్ల ఇటుకలు కదల్లేదు. ఎందుకంటే రోజూ ఆ గుడిలో దీపం పెట్టే మనిషి ఉన్నాడు, వచ్చినవాడికి కథ చెప్పే మనిషి ఉన్నాడు.

కారంపూడి చూడండి. పల్నాటి యుద్ధం జరిగి ఎనిమిది వందల ఏళ్ళు దాటింది. ఏటా కార్తీక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని అయిదు రోజులూ ఆ కథ మళ్ళీ జరుగుతుంది. వీరవిద్యావంతులు కత్తి పట్టి పాడుతుంటే వినడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అక్కడ ఏ శాఖా బోర్డు పెట్టకపోయినా నాగులేరు ఎక్కడ, కోడిపోరు ఎక్కడ అని పదేళ్ళ పిల్ల కూడా చెబుతుంది.

ఇక నా మనవి. మనిషిని పెట్టండి. కొండవీడు, బెల్లంకొండ కోట, చందవరం, భట్టిప్రోలు, మోటుపల్లి, చేజెర్ల లాంటి ప్రతి చోటుకీ ఆ ఊరివాళ్ళనే ఇద్దరిద్దర్ని తీసుకోండి. డిగ్రీ చదివి మిర్చి యార్డులో గుమాస్తా పనికి తిరుగుతున్న పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. రిటైరైన తెలుగు మాస్టార్లున్నారు. వాళ్ళకి నెల రోజులు గట్టిగా చెప్పించి, గేటు తాళం చేతికిచ్చి, నెల నెలా జీతమివ్వండి. తాళం మాట ఊరికే అనలేదు. ఒక చోట మధ్యాహ్నం ఎండలో గేటు బయట నిలబడి, తాళమున్న మనిషి ఏ ఊరు వెళ్ళాడో తెలియక తిరిగొచ్చిన వాణ్ణి నేను. ఆ చోటు పేరెందుకు లెండి. కొన్ని చోట్లు కేంద్రానివి, కొన్ని రాష్ట్రానివి, కొండ అటవీ శాఖది, గుడి దేవాదాయ శాఖది అని నాకూ తెలుసు. చూడ్డానికి వచ్చినవాడికి అది తెలియాల్సిన పని లేదు కదా. ఆ నాలుగు శాఖలనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం మీకే సాధ్యం.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. రెండు వందల ఏళ్ళ కిందట మెకంజీ దొర పనివాళ్ళు, కావలి సోదరుల లాంటి తెలుగువాళ్ళు, ఊరూరా తిరిగి కరణాల చేత కైఫీయతులు రాయించారు. కొండవీటి దండకవిలె అనే పాత రికార్డు మిగిలింది అలాగే. మీ ఊరి కోట ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరిది అని అడిగారు, ఊరు చెప్పింది. కంపెనీ సర్వేయరుకి తట్టిన పని ప్రజా ప్రభుత్వానికి తట్టదా? ఆ కైఫీయతుల్లో ఏ ఊరిది ఆ ఊరి బడిలో అచ్చు వేయించి పెట్టండి. ఖర్చు ఒక మీటింగు షామియానా ఖర్చు కూడా కాదు.

ఫొటోల మాట. ఊరి బయట, చెట్టు కింద, కాలువ గట్టున పడి ఉన్న ప్రతి వీరగల్లునీ ప్రతి విరిగిన శిల్పాన్నీ ఆ ఊరి హైస్కూలు పిల్లల చేత ఫోనుతో ఫొటో తీయించండి. ఎక్కడుంది, ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని రాయించండి. చందవరం శిల్పాన్ని వెనక్కి రప్పించింది ఒక ఫొటో అని పైన చెప్పాను. రేపు ఏదైనా పోతే వెతకడానికి ఆధారముంటుంది, ఫొటో తీసి లెక్క రాసిన రాయిని ఎత్తుకుపోవడానికి దొంగ కూడా జంకుతాడు.

జమీందార్ల కోటలు కూడా ఉన్నాయి. మా నరసరావుపేట పేరే మల్‌రాజు వారి వల్ల వచ్చింది. చిలకలూరిపేటలో మానూరి వారు, అమరావతిలో వాసిరెడ్డి వారు. మిగిలిన గోడలు కొన్ని ప్రైవేటు ఆస్తులు, వాటి మీద ప్రభుత్వం చెయ్యి వేయలేదు. ఫ్రాన్సులో 1984 నుంచీ ఏటా సెప్టెంబరులో పాత కోటలూ భవంతులూ జనానికి తెరిచే పద్ధతి ఉంది. సొంతదారులు కూడా తలుపులు తీస్తారు. అలాంటి రోజొకటి మనకీ పెట్టండి. కాకపోతే ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినమని ఆ రోజు పెట్టకండి, పుణ్యముంటుంది. ఆ ఎండలో కొండవీడు ఎక్కించడం శిక్ష. సంక్రాంతి తరవాత వారం పెట్టండి. చలి ఉంటుంది, పిల్లలు ఇళ్ళ దగ్గరుంటారు, హైదరాబాదు నుంచీ అమెరికా నుంచీ వచ్చిన వాళ్ళు ఇంకా తిరిగి వెళ్ళి ఉండరు, దారి పొడుగునా పత్తి చేలు తెల్లగా ఉంటాయి.

జనం రారని మాత్రం అనకండి. శివరాత్రికి కోటప్పకొండ చూశారుగా. తాడెత్తు ప్రభలు కట్టుకుని, ఎడ్లతో ట్రాక్టర్లతో లాక్కుంటూ ఊళ్ళకి ఊళ్ళే వస్తాయి. ఆ రోజు స్పెషల్ బస్సులు, మంచినీళ్ళు, పోలీసు బందోబస్తు అన్నీ మీరే ఏర్పాటు చేస్తారు. చేతకాక కాదు. ఆ ఏర్పాట్లలో వందో వంతు కొండవీటికి చాలు. ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సులో టికెట్ లేకుండా చేశారు. ఆ బస్సుల్లో ఒకటి ఆదివారం పూట చేజెర్ల మీదుగానో చందవరం దాకానో తిప్పితే, మిరపకాయ కోతకి పోయే ఆడకూలీలు కూడా తమ సీమ చూసుకుంటారు. కోట చూడ్డం కార్లున్న వాళ్ళ వ్యవహారంగా మిగిలిపోకూడదు.

ఇంకో సంగతి. మా పొలాలకి కుడి కాలువ నీళ్ళు పంపే సాగర్ జలాశయం కింద ఒక రాజధాని మునిగి ఉంది. ఇక్ష్వాకుల విజయపురి. 1955లో ఆనకట్టకి శంకుస్థాపన జరిగింది. నీళ్ళు కమ్మేలోపు తవ్వగలిగినంత తవ్వి, ముఖ్యమైన కట్టడాలని అక్కడి కొండ మీదికీ అనుపు అనే చోటికీ తరలించి మళ్ళీ పేర్చారు. 1967లో కాలువలకి నీళ్ళు వదిలారు. మేము తినే అన్నం, అమ్ముకునే మిర్చి ఆ మునకకి బదులుగా వచ్చినవే. కనుక ఈ ఆయకట్టు రైతులకి ఆ రాళ్ళతో సంబంధం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. మాచర్ల మీదుగా విజయపురి సౌత్‌కి పోయి లాంచి ఎక్కే రైతు కుటుంబాలని ఒక్కసారి చూడండి, పిల్లలు నీళ్ళలోకి వంగి వంగి ఊరు కనపడుతుందా అని చూస్తుంటారు.

అడగనివి కూడా రాసేస్తున్నాను, పొరపాటు లేకుండా. కొండల మీద కాంక్రీటు ఆర్చీలు వద్దు. బురుజులకి రంగు దీపాలు వద్దు. పాత గోడకి సిమెంటు పూయవద్దు, సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలిపించండి. "ఐ లవ్" అక్షరాలు ఎక్కడా వద్దు.

జనవరిలో మీరే ఒకసారి రండి. పొద్దున్నే చేజెర్లలో దిగండి, మధ్యాహ్నానికి యడ్లపాడు చేరి కొండవీడు ఎక్కండి. ఎక్కేటప్పుడు కారు కింద వదిలేసి పాత మెట్ల దారిన రండి, దిగేటప్పుడు మీ ఘాట్ రోడ్డు ఎలాగూ ఉంది. కింద ఊళ్ళో ఎవరికి కోట సంగతులు తెలుసో, ఎవరికి నేర్చుకోవాలని ఉందో ఆ పేర్లు రాసిన కాగితం మీ చేతికిస్తాం. జీతాలెంతో ఆర్థిక శాఖతో మీరు తేల్చుకోండి.

ఇట్లు,
నరసరావుపేట ప్రాంతపు పత్తి, మిరప రైతు